ఇంటి చుట్టూ గీత ఉంది, నడిచే మనిషి చుట్టూ లేదు

నవంబర్‌లో ఒక శనివారం, ఇంకా తెల్లవారలేదు. న్యూజెర్సీ నడిమధ్య అసన్‌పింక్ దగ్గర కంకర పరిచిన పార్కింగ్ స్థలంలో ఒకాయన పికప్ ట్రక్కు వెనక తలుపు దించి కుక్కను కిందికి దూకనిస్తున్నాడు. నెత్తిన జిగేల్‌మనే నారింజ రంగు టోపీ, మోచేతి మీద మధ్యలో మడిచి తెరిచి పెట్టుకున్న షాట్‌గన్. నాలుగు అడుగుల అవతల ఆగిన కారులోంచి దిగిన మనిషి మెడలో బైనాక్యులర్స్ ఉన్నాయి, భుజాన ట్రైపాడ్ ఉంది. ఒంటి మీద బూడిద రంగు జాకెట్, తలకు ఎండుగడ్డి రంగు ఉన్ని టోపీ. ఇద్దరూ పలకరింపుగా తలలూపి ఒకే బాట పడతారు. మొదటి ఆయనకు ఆ గడ్డిలో దాక్కున్న ఫెజెంట్ కోడి కావాలి. రెండో ఆయనకు అదే గడ్డిలో చలికాలానికి దిగిన పిచ్చుక జాతి పిట్టలు కావాలి.

ఆ నేల మీద ఇద్దరికీ హక్కుంది. నారింజ టోపీ పెట్టుకోవాలని చట్టం తుపాకీ ఉన్నాయనకు చెప్పింది. తుపాకీ లేనాయనకు ఏమీ చెప్పలేదు, ఆయన చుట్టూ ఏ గీతా గీయలేదు. అమెరికా వేట నియమాలను పక్షి వీక్షకుడి వైపు నుంచి చదివితే అడుగడుగునా తగిలేది ఈ లోటే.

ఇది తెలుగువాళ్లకు దూరపు సంగతి కాదు. అసన్‌పింక్‌కు పక్కనే ఉన్న రాబిన్స్‌విల్, ఈస్ట్ విండ్సర్ లాంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డాయి. పిల్లలను తీసుకుని చెరువు గట్టున నడకకు వెళ్లేవాళ్లూ, కెమెరాకు పొడుగు లెన్సు తగిలించి బాతుల కోసం కాచుకునేవాళ్లూ వాళ్లలో ఉన్నారు. వాళ్లను మొదట తప్పుదారి పట్టించేది బోర్డు మీది పేరే. అక్కడ రాసి ఉండేది ‘వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియా’. నేలపట్టు, పులికాట్ చూసి పెరిగిన కళ్లకు అది అభయారణ్యం అన్నట్టే కనిపిస్తుంది. పెన్సిల్వేనియాలో ‘స్టేట్ గేమ్ ల్యాండ్స్’ అని ఉంటుంది. గేమ్ అంటే ఆట అనుకునే మనకు అది మైదానం పేరులా వినిపిస్తుంది, కానీ అక్కడ ఆ మాటకు అర్థం వేట జంతువు. ఇక ‘వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్’ అంటే శరణాలయమే కదా. దేశంలో ఉన్న 570కి పైగా జాతీయ రెఫ్యూజ్‌లలో 400కి పైగా చోట్ల ఏదో ఒక వేటకు అనుమతి ఉంది.

దీని వెనక ఉన్నది డబ్బు చరిత్ర. అది తెలియకుండా వేటగాళ్లను తిట్టుకుంటూ కూర్చోవడం అన్యాయం. 1937లో వచ్చిన పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం పొడుగు తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం పన్నును వన్యప్రాణుల పనికే కేటాయించింది. ఆ సొమ్మును రాష్ట్రాలకు పంచేటప్పుడు రాష్ట్ర విస్తీర్ణంతో పాటు అక్కడ లైసెన్సున్న వేటగాళ్ల సంఖ్య కూడా చూస్తారు. అంతకు మూడేళ్ల ముందు, 1934లో, డక్ స్టాంప్ వచ్చింది. బాతులను వేటాడేవాడు ఏటా కొనాల్సిన స్టాంపు అది. మొదటి స్టాంపు బొమ్మ వేసింది కార్టూనిస్టు డింగ్ డార్లింగ్, వెల ఒక డాలర్. ఇప్పుడు 25 డాలర్లు. ప్రతి డాలర్‌లో 98 సెంట్లు చిత్తడి నేలలు కొనడానికీ, లీజుకు తీసుకోవడానికీ పోతాయి. అలా కాపాడిన నేల 60 లక్షల ఎకరాలు దాటింది. పెన్సిల్వేనియా గేమ్ ల్యాండ్స్ దాదాపు 15 లక్షల ఎకరాలు, అందులో చాలా భాగం వేట లైసెన్సుల సొమ్ముతో కొన్నదే. పక్షి వీక్షకుడు ఉచితంగా నిలబడే గట్టు చాలాచోట్ల వేటగాడి డబ్బుతో నిలిచిన గట్టు. 1997లో రెఫ్యూజ్‌ల చట్టాన్ని సవరించినప్పుడు వేట, చేపలు పట్టడం, వన్యప్రాణులను చూడటం, ఫొటోలు తీయడం, ప్రకృతి పాఠాలు, వివరణ కార్యక్రమాలు అని ఆరు వినియోగాలకు సమాన ప్రాధాన్యం ఇచ్చారు. కాగితం మీద బైనాక్యులర్స్, తుపాకీ ఒకే వరసలో కూర్చున్నాయి.

నేల మీదికి వచ్చేసరికి ఆ సమానత్వం తప్పిపోతుంది. మొదట దూరాల సంగతి చూద్దాం.

న్యూజెర్సీలో మనుషులుండే ఇంటికి 450 అడుగుల లోపల తూటా నింపిన తుపాకీతో వేటాడకూడదు. పెన్సిల్వేనియాలో ఆ హద్దు 150 గజాలు, అంటే అదే 450 అడుగులు. న్యూయార్క్‌లో 500 అడుగులు. విల్లుకు ఇంతకంటే తక్కువ దూరం సరిపోతుంది. బడి, పిల్లల ఆటస్థలం ఈ రక్షణ వలయంలోకి వస్తాయి. కానీ ఈ వలయాలన్నీ కట్టడం చుట్టూ గీసినవే. మనిషి గుమ్మం దాటి, పెరడు దాటి, బాట మీదికి వచ్చాడంటే ఆ 450 అడుగులు ఇంటి దగ్గరే ఉండిపోతాయి, ఆయన వెంట రావు. బాట మీద నిలబడిన మనిషికి ఎంత దూరంలో తుపాకీ పేల్చవచ్చు అన్న ప్రశ్నకు ఈ నియమాల్లో అంకె లేదు. అజాగ్రత్తగా పేలిస్తే శిక్షిస్తామన్న సెక్షన్లు ఉన్నాయి. అవి ప్రమాదం జరిగాక పనికొచ్చేవి.

ఇలా ఎందుకు ఏర్పడిందో ఊహించడం కష్టం కాదు. ఈ నియమాలు పుట్టేనాటికి అడవిలో వేటగాడు తప్ప మరొకరు ఉంటారన్న ఆలోచనే లేదు. చట్టం ముందు నిలబడి ఫిర్యాదు చేసింది ఇంటి యజమాని. నా గోడకు గుళ్లు తగిలాయి, నా ఆవు చచ్చింది అన్నాడు. అందుకే చట్టం ఆయన గోడనుంచి కొలవడం మొదలుపెట్టింది. బాట మీద ఊరికే నిలబడి చెట్టుకొమ్మను చూసే మనిషి తర్వాత వచ్చాడు. ఆయన కోసం నియమాలను మళ్లీ మొదటినుంచి రాసినవాళ్లు లేరు.

ఆ వలయం ఉన్నా చాలదని నేర్పింది 1988 నవంబర్‌లో మెయిన్ అనే రాష్ట్రంలోని హెర్మన్‌లో జరిగిన ఘటన. ఏడాది వయసు కవల పిల్లల తల్లి తన ఇంటి వెనక చెట్ల దగ్గరికి వచ్చింది. చేతులకు తెల్ల ఉన్ని తొడుగులు ఉన్నాయి. జింకల వేటకు వచ్చిన మనిషి ఆ తెలుపు కదలడం చూసి, బెదిరిన జింక ఎత్తిన తోక అనుకుని తూటా పేల్చాడు. ఆమె అక్కడికక్కడే చనిపోయింది. విచారణ జరిగింది, 1990లో జ్యూరీ అతన్ని నిర్దోషిగా వదిలేసింది. ఊళ్లో చాలామంది ఆమెనే తప్పుపట్టారు. వేట రోజుల్లో తెల్ల తొడుగులు వేసుకుని బయటికి ఎందుకొచ్చింది అన్నారు. సొంత పెరట్లో ఉన్న మనిషిని ఆ మాట అనగలిగారంటే, అడవి బాట మీద ఉన్న అపరిచితుణ్ని ఏమంటారో వేరే చెప్పాలా? ఆ తర్వాతే మెయిన్ ఒక చట్టం తెచ్చింది. జింక తల, మొండెం స్పష్టంగా చూసి గుర్తుపట్టకుండా తూటా పేల్చడం నేరం అంది. గుర్తుపట్టాల్సిన బాధ్యత తుపాకీ పట్టినవాడిదేనని అక్షరాల్లో రాసుకోవడానికి ఒక ప్రాణం పోవాల్సి వచ్చింది.

తుపాకీ రకం కూడా లెక్కలోకి రావాలి. పిట్టల వేటకు వాడే షాట్‌గన్ గుళ్లు కొన్ని వందల గజాల్లో ఊపు కోల్పోయి రాలిపోతాయి. రైఫిల్ తూటా గురి తప్పితే మూడు కిలోమీటర్లకు పైగా పోగలదు. న్యూజెర్సీ తన ఇరుకు నేల చూసుకుని జింకల వేటకు మామూలు రైఫిళ్లను ఒప్పుకోదు, షాట్‌గన్ లేదా మూతి నుంచి మందు దట్టించే తుపాకీ మాత్రమే. డెలావేర్ నది దాటి పెన్సిల్వేనియాలో ఫిలడెల్ఫియా చుట్టుపక్కల జిల్లాలు దాటితే రైఫిల్ ఉంటుంది. ఈ గట్టున ముప్పు దూరం కొంత తక్కువ, ఆ గట్టున కొండ అవతల ఎవరున్నారో కూడా ఆలోచించాలి. వారాంతంలో రెండు రాష్ట్రాల్లో తిరిగే పక్షి వీక్షకులకు ఈ తేడా చెప్పే బోర్డు వంతెన మీద ఉండదు.

వేట ప్రమాదాల్లో దెబ్బతినేవాళ్లు ఎక్కువగా వేటగాళ్లేనన్నది నిజం. సొంత తుపాకీ పేలడమో, పక్కవాడి గురి తప్పడమో కారణం అవుతుంది. బాట మీద నడిచేవాడికి ముప్పు తక్కువ. కానీ నడిచేవాళ్లందరిలో పక్షి వీక్షకుడి పరిస్థితి వేరు. కుక్కతో నడిచేవాడు మాట్లాడుతూ, అడుగుల చప్పుడు చేస్తూ, బాట వదలకుండా పోతాడు. పక్షి వీక్షకుడు వేటగాడు చేసేవన్నీ చేస్తాడు. సూర్యోదయానికి ముందే చేరతాడు. మాట్లాడడు. మట్టి రంగు బట్టలేస్తాడు. పొలం, అడవి కలిసే అంచున పొదల్లో ఒదిగి నిలబడతాడు, ఎందుకంటే పిట్టలు ఉండేది అక్కడే. జింకలు మేతకు బయటికి వచ్చేదీ అక్కడే. కదలకుండా పావుగంట నిలబడి, ఒక్కసారి బైనాక్యులర్స్ పైకెత్తుతాడు. దూరం నుంచి చూసేవాడికి కనిపించేది ఆకుల మధ్య ఆ ఒక్క కదలిక.

ఇది అన్నిటికంటే తీవ్రంగా ఉండేది అందరూ భయపడే నవంబర్‌లో కాదు, మే నెలలో. దక్షిణం నుంచి వార్బ్లర్లు అనే చిన్న పాట పిట్టలు రంగురంగుల పెళ్లి ఈకలతో ఈశాన్య అమెరికా అడవుల్లోకి దిగే పక్షాలవి. ఏడాదంతా ఎదురుచూసి వీక్షకులు ఆ రెండు మూడు వారాలు తెల్లవారుజామునే అడవిలో ఉంటారు. సరిగ్గా అప్పుడే వసంతకాలపు టర్కీ కోడి వేట నడుస్తుంది. జింకల వేటగాడికి ఉన్నట్టు టర్కీ వేటగాడికి నారింజ రంగు తప్పనిసరి కాదు, ఎందుకంటే టర్కీ కోడి రంగులు బాగా చూస్తుంది. అతను చెట్టు మొదలుకు వీపు ఆనించి కూర్చుంటాడు. తలనుంచి కాలిదాకా ఆకు మచ్చల దుస్తులు, ముఖానికి వల ముసుగు. చేతిలో చిన్న చెక్కపెట్టె, దాని మూత గీకితే పెట్ట టర్కీ అరుపు వస్తుంది. ఆ అరుపు విని పుంజు రావాలి. పెన్సిల్వేనియాలో వసంతంలో టర్కీని ఇలా అరుపుతో పిలిచే వేటాడాలి, నక్కి నక్కి వెంటాడటం నిషేధం. ఆ నిషేధం భద్రత కోసమే పెట్టారు, ఎందుకంటే అరుపు వినపడ్డ వైపు నక్కుతూ పోయినవాడికి అక్కడ దొరికేది మరో వేటగాడు కావచ్చు.

పక్షి వీక్షకుడికి ఈ సంగతి తెలియకపోతే ఏం జరుగుతుంది? పొదల వెనక పెట్ట టర్కీ అరుపు వినపడుతుంది. చూడాలనిపిస్తుంది. పుల్ల విరగకుండా అడుగులో అడుగు వేసుకుంటూ అటు పోతాడు. అతను పోతున్నది నిజమైన టర్కీ దగ్గరికి కాకపోవచ్చు. టర్కీ పుంజు తలలో ఎరుపు, తెలుపు, నీలం రంగులు ఉంటాయి. అతని టోపీ అంచున ఆ ఎరుపు ఉందనుకోండి, మెడకు నీలం స్కార్ఫ్ ఉందనుకోండి, చెట్టు కింద కూర్చున్నవాడికి ఆకుల సందున ముందుగా కనిపించేది ఆ రంగే. అందుకే టర్కీ వేటలో అనుభవం ఉన్నవాళ్లు ఆ మూడు రంగుల బట్టలు మానేస్తారు. ఎవరైనా వస్తున్నట్టు అనిపిస్తే చేయి ఊపరు, లేవరు. కదలకుండా కూర్చుని గట్టిగా, మామూలు మనిషి గొంతుతో పలకరిస్తారు. ఈ పద్ధతి పక్షి వీక్షకులకు ఒక్కో మాటా వర్తిస్తుంది. మే నెలలో టర్కీ అరుపు వినపడితే అటు పోకూడదు, తాను ఉన్నట్టు మాట్లాడి తెలియజేయాలి. పిట్ట ఎగిరిపోతే పోనీ.

నారింజ రంగు గురించి పక్షి వీక్షకుల్లో పాతుకుపోయిన సందేహం ఒకటుంది, ఆ రంగు వేసుకుంటే పిట్టలు దగ్గరికి రావని. అందులో కొంత నిజం లేకపోలేదు. పక్షుల కన్ను మన కన్ను కంటే ఎక్కువ రంగులు పడుతుంది. జింకకు నారింజ, ఆకుపచ్చ పెద్దగా తేడా తెలియవు కాబట్టే జింకల వేటగాడికి నారింజ అంటగట్టారు, బాతుల వేటగాణ్ని వదిలేశారు. కానీ పిట్టను బెదరగొట్టేది రంగు కంటే కదలిక. నారింజ జాకెట్ వేసుకుని రాయిలా నిలబడినవాడి తల మీది కొమ్మకు పిట్ట వస్తుంది, మట్టి రంగు వేసుకుని చేతులాడించేవాడి దగ్గరికి రాదు. తెల్లవారుజామున పది నిమిషాలు ఆలస్యంగా పిట్ట దిగినా, ఒక సీజన్ అంతటికీ అది కట్టుకోదగ్గ సుంకమే.

చట్టం ఏమంటుంది అంటే, తుపాకీతో చిన్న జంతువులనో జింకలనో వేటాడేవాడు న్యూజెర్సీలో జిగేల్‌మనే నారింజ రంగు టోపీ గాని, 200 చదరపు అంగుళాల నారింజ బట్ట గాని వేసుకోవాలి. అది రెండు ఏ4 కాగితాలంత. పెన్సిల్వేనియాలో చాలా సీజన్లకు 250 చదరపు అంగుళాలు, తల, ఛాతీ, వీపు మీద. న్యూయార్క్ చాలాకాలం ఎవరి ఇష్టానికి వాళ్లను వదిలేసి, 2021లో తుపాకీతో జింకలను, ఎలుగుబంట్లను వేటాడేవాళ్లకు నారింజ లేదా గులాబీ రంగు తప్పనిసరి చేసింది. వేటగాడు కానివాడి గురించి మాట్లాడినది ఈ మూడింట్లో పెన్సిల్వేనియా. నవంబర్ 15 నుంచి డిసెంబర్ 15 దాకా గేమ్ ల్యాండ్స్‌లో అడుగుపెట్టిన ఎవరైనా, చేతిలో ఏమీ లేకపోయినా, నారింజ వేసుకోవాలంది. దీన్ని పక్షి వీక్షకులు కొందరు తమ మీద రుద్దిన భారంగా చూస్తారు. అది పొరపాటు. నియమాల పుస్తకంలో వేటగాడు కాని మనిషి ఒకడు ఈ నేల మీద ఉంటాడని ఒప్పుకున్న అరుదైన వాక్యం అది. మే నెల టర్కీ సీజన్‌కు కూడా అలాంటి వాక్యం ఒకటి ఉండాలి. న్యూజెర్సీకి ఏ సీజన్‌కూ లేదు, అక్కడ ఇంకా ముందు ఉండాలి.

గంటల నియమం దగ్గర పరిస్థితి కాస్త మెరుగు. చాలా వేటలకు సూర్యోదయానికి అరగంట ముందు మొదలుపెట్టవచ్చు. వలస బాతుల వేట సూర్యాస్తమయంతో ఆగాలి. కానీ గడియారం పాటించనివాడి ముందు నియమం నిస్సహాయమే. 2017 నవంబర్‌లో న్యూయార్క్ రాష్ట్రం షెర్మన్‌లో కుక్కలతో నడుస్తున్న మహిళను జింక అనుకుని కాల్చి చంపిన ఘటనలో తూటా పేలింది సూర్యాస్తమయం తర్వాత, వేట గంటలు ముగిశాక. కాల్చినవాడు తనే సహాయానికి ఫోన్ చేశాడు, తర్వాత జైలు శిక్ష పడింది. గుడ్లగూబల కోసం మునిమాపున అడవి అంచున ఉండిపోయే వీక్షకులు ‘వేట గంటలు అయిపోయాయిలే’ అన్న ధీమాతో నారింజ జాకెట్ కారులో వదిలేయకూడదన్నది ఆ ఘటన చెప్పేది.

ఇక రోజుల సంగతి. తరాలుగా పెన్సిల్వేనియా పక్షి వీక్షకులకు ఒక భరోసా ఉండేది, ఆదివారం. ఆ రాష్ట్రంలో ఆదివారం వేట మీద నిషేధం 19వ శతాబ్దపు మత సంప్రదాయం నుంచి వచ్చింది. వెనక కారణం ఏదైనా, నవంబర్‌లో కూడా ఆదివారం పొద్దున పిల్లలను అడవికి తీసుకుపోవచ్చు అన్న అలవాటు ఏర్పడింది. 2019లో చట్టం మార్చి మూడు ఆదివారాలు తెరిచారు. 2025లో ఆ నిషేధాన్నే ఎత్తేశారు, ఏయే ఆదివారాలు తెరవాలో రాష్ట్రంలో వేట వ్యవహారాలు చూసే గేమ్ కమిషన్ నిర్ణయిస్తుంది. వారమంతా పనిచేసే వేటగాడికి అది న్యాయమే. తన పిల్లాడికి వేట నేర్పడానికి అతనికి దొరికేదీ వారాంతమే. కానీ అదే వారాంతం పక్షి వీక్షకుడిదీ. ఒక రోజును ఒకరి నుంచి తీసి మరొకరికి ఇచ్చినప్పుడు, పోగొట్టుకున్నవాడికి బదులుగా ఒక చోటైనా ఇవ్వాలి కదా. న్యూజెర్సీలో వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియాల్లో ఆదివారం సాధారణంగా తుపాకీ చప్పుడు ఉండదు. అయితే విల్లుతో జింకల వేటకు 2009లో అనుమతి వచ్చింది, కాబట్టి అక్కడ కూడా ఆదివారం అంటే వేటే లేని రోజు కాదు. విల్లు చప్పుడు చేయదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. తుపాకీ ఒకసారి పేలితే వీక్షకుడికి కనీసం వేట నడుస్తోందని తెలుస్తుంది.

రంగు, గంట, రోజు కంటే నమ్మదగ్గది స్థలాన్ని విడదీయడం. ఇది ఊహించి చెప్పేది కాదు, జరుగుతున్న చోట్లు ఉన్నాయి. అట్లాంటిక్ సిటీ ఎత్తైన భవనాలు నీళ్ల అవతల కనిపించే ఫోర్సైత్ జాతీయ రెఫ్యూజ్‌లో ఎనిమిది మైళ్ల కారు బాట ఉంది. చలికాలం దాని పక్కన మడుగుల్లో స్నో గీస్ అనే తెల్ల బాతులు వేలల్లో దిగుతాయి. అదే రెఫ్యూజ్‌లో బాతుల వేట, జింకల వేట గుర్తించిన భాగాల్లో నడుస్తాయి. వలస పక్షులకు అభయస్థలంగా కొన్న రెఫ్యూజ్ నేలలో ఆ పక్షుల వేటకు సాధారణంగా 40 శాతానికి మించి తెరవకూడదని కేంద్ర చట్టం ఉంది. ఈ 40 శాతం గీత పక్షుల కోసం గీసింది, మనుషుల కోసం కాదు. అయినా మిగిలిన నేలలో మనిషికి కూడా నీడ దొరికింది. కేప్ మే దగ్గర హిగ్బీ బీచ్ రాష్ట్రానికి చెందిన వేట భూమే. శరత్కాలంలో వలస పక్షులు, వాటిని చూడటానికి మనుషులు అక్కడికి గుంపులుగా వస్తారు కాబట్టి ఆ నెలల్లో వేట ఆపేసి, చలికాలం ముదిరాక తెరుస్తారు. పెన్సిల్వేనియాలో మిడిల్ క్రీక్ వేటగాళ్ల డబ్బుతో నడిచే చోటు. శీతాకాలం చివర్లో అక్కడి చెరువు మీద లక్షకు పైగా స్నో గీస్ ఒకేసారి లేచిన ఉదయాలున్నాయి. ఆ చెరువు చుట్టూ కొంత నేల పూర్తిగా మూసి ఉంటుంది. మిగతా చోట్ల వేట పర్మిట్లతో నడుస్తుంది, జనం గట్టు మీద నిలబడి చూస్తారు. ఈ మూడు చోట్లా కంచె వేసి ఒకరిని గెంటలేదు. ఎప్పుడు ఎవరు ఎక్కడ అన్నది ముందే రాసిపెట్టారు, అంతే. ఇదే పని అసన్‌పింక్‌లో ఒక గట్టుకు, ఒక బాటకు చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

రెండు వర్గాల మధ్య పాత పగ ఒకటుందన్నది మరిచిపోకూడదు. పెన్సిల్వేనియాలో హాక్ మౌంటెన్ అనే కొండ శిఖరం మీదుగా ప్రతి శరత్కాలం వేల డేగలు దక్షిణానికి సాగుతాయి. 1929లో గాస్‌హాక్ డేగను చంపితే అయిదు డాలర్లు ఇస్తామని రాష్ట్ర గేమ్ కమిషన్ ప్రకటించింది. తుపాకులతో జనం ఆ శిఖరం ఎక్కి దాటిపోయే ప్రతి డేగనూ కాల్చేవారు. చచ్చినవాటిని నేల మీద వరసలుగా పేర్చి తీసిన ఫొటోలు న్యూయార్క్‌లో రోజలీ ఎడ్జ్ అనే ఆమె కంటపడ్డాయి. 1934లో ఆమె ఆ కొండను, దాదాపు 1,400 ఎకరాలు, లీజుకు తీసుకుంది. మారిస్ బ్రౌన్ అనే యువకుణ్ని కాపలాకు పెట్టింది. అతనూ భార్య ఇర్మా కొండకు వెళ్లే దారిలో నిలబడి తుపాకీతో వచ్చినవాళ్లను ఒక్కొక్కరినే వెనక్కి పంపారు. వేటగాళ్ల ఎదుట ఇద్దరు మనుషులు నిలబడిన దారి అది. డేగలకు దేశమంతటా కేంద్ర చట్టపు రక్షణ రావడానికి 1972 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ కొండ ఇప్పటికీ డేగలను లెక్కపెట్టేవాళ్లకు తీర్థం లాంటిది.

ఇప్పుడు అలా దారికి అడ్డం నిలబడితే నేరమవుతుంది. చట్టబద్ధమైన వేటను కావాలని చెడగొట్టడం 50 రాష్ట్రాల్లోనూ నేరమే, కేంద్ర భూములకు 1994 నాటి చట్టం ఉంది. మామూలుగా పిట్టలు చూసేవాడికి దీనితో పేచీ లేదు, ఉద్దేశం లేకుండా నేరం కాదు. కానీ విస్కాన్సిన్ 2016లో ఆ చట్టాన్ని సాగదీసి, వేటగాడి దగ్గర్లో ఉండటం, అతని ఫొటోలు తీయడం కూడా అందులో చేర్చింది. అడవిలో పొడుగు లెన్సు పట్టుకున్న ప్రతి ఒక్కరూ భయపడాల్సిన మాట అది. 2023లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఆ భాగం రాజ్యాంగ విరుద్ధమంది. నేలను పంచుకోవడం అంటే ఒకరు కళ్లు మూసుకోవడం కాదని కోర్టు చెప్పాల్సి వచ్చిందంటే, రాష్ట్రాల చట్టసభల్లో ఎవరి మాట నడుస్తుందో అర్థమవుతుంది.

మన దగ్గర పరిస్థితి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 సవరణ కలిసి సరదా వేట లైసెన్సులను తుడిచేశాయి. ఉప్పలపాడు చెరువు గట్టున, తేలినీలాపురంలో చింతచెట్ల కింద నిలబడి పక్షులను చూసేవాడు తుపాకీ గురించి ఆలోచించడు. ఆ ధీమాతోనే అమెరికా బాట మీద కూడా నడుస్తాడు. అయితే నిషేధం ఉన్నచోట ముప్పు లేదనుకుంటే అదీ పొరపాటే. తెలంగాణలో, ఆంధ్రలో అడవి అంచు పొలాల్లో అడవి పందుల కోసం గట్ల వెంట కరెంటు తీగలు లాగుతారు, పొదల్లో ఉచ్చులు పెడతారు. రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతులు ఆ తీగలకే బలైన వార్తలు ఏటా వస్తాయి. తెల్లవారుజామున గట్టు దిగే పక్షి వీక్షకుడికి అదే ముప్పు. అమెరికాలో వేటకు క్యాలెండర్ ఉంది, చూసుకుని జాగ్రత్తపడవచ్చు. దొంగచాటు తీగకు క్యాలెండర్ ఉండదు. అక్కడి ఊరివాళ్లను అడగకుండా పొలం గట్టు ఎక్కకపోవడం ఒక్కటే ఇక్కడ దారి.

అమెరికాలో ఆ క్యాలెండర్ ఎవరి చేతుల్లో ఉందన్నది అసలు ప్రశ్న. న్యూజెర్సీలో వేట సీజన్లు నిర్ణయించేది ఫిష్ అండ్ గేమ్ కౌన్సిల్. అందులో 11 మంది సభ్యులు. ఆరు కుర్చీలు వేటగాళ్లకు, చేపలు పట్టేవాళ్లకు, మూడు కుర్చీలు రైతులకు. అంతరించే జాతుల సలహా సంఘం అధ్యక్షుడికి ఒకటి, నేల వినియోగం తెలిసిన పౌరుడికి ఒకటి. బైనాక్యులర్స్ మెడలో వేసుకుని ఆ బాటల మీద నడిచేవాడి తరఫున ఒక్క కుర్చీ లేదు. మే నెల టర్కీ వేట గంటలు నిర్ణయించేటప్పుడు వార్బ్లర్లు ఎప్పుడు వస్తాయి, వాటి వెనక ఎంతమంది వస్తారు అని ఆ గదిలో అడగాల్సిన మనిషి లేడు. వేటగాళ్లు దీనికి చెప్పే జవాబు ఒకటే: మేం డబ్బు కడుతున్నాం, మీరు కట్టడం లేదు. ఆ జవాబు కొట్టిపారేయదగ్గది కాదు. పక్షి వీక్షకులు కూడా చాలామంది డక్ స్టాంప్ కొంటున్నారు. ప్రవేశ రుసుము ఉన్న రెఫ్యూజ్‌లకు అదే పాసుగా పనిచేస్తుంది. కానీ పోస్టాఫీసులో 25 డాలర్లు ఇచ్చి కొన్న ఆ స్టాంపు మీద కొన్నది వేటగాడో వీక్షకుడో రాసి ఉండదు, మొత్తం వేటగాళ్ల ఖాతాలో జమ అయినట్టే మాట్లాడతారు. వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియాల కోసం పక్షి వీక్షకుల పేరుతోనే ఒక రాష్ట్ర స్టాంపు పెట్టి, దానితో పాటు కౌన్సిల్‌లో పన్నెండో కుర్చీ వేయమని అడగడం న్యాయమైన బేరం. అసన్‌పింక్ బాట మొదట్లో ఈ వారం ఏ వేట నడుస్తోంది, ఏ గంటల్లో, ఏ గట్టున అని రాసే బోర్డు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి మొదటి సమావేశంలోనే అడగవచ్చు.